నిన్నటి తిట్టు

ప్రెస్సు మేడమీద, ప్రూఫుల బల్ల
జూన్ 6

వదినా,

నువ్వు బాగానే ఉన్నావని నాకు తెలుసు. బాగా లేకపోతే ఈపాటికి నన్ను తిడుతూ ఒక ఉత్తరం వచ్చి ఉండేది.

విషయానికొస్తాను. అన్నయ్య కవితల పుస్తకం చివరికి మా ప్రెస్సుకే చేరింది. ఇదిగో, నా మోచేతి కిందే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఎవరెవరి తప్పులో దిద్దుతున్నాను, సొంత అన్నయ్య తప్పులు దిద్దే అదృష్టం ఇన్నాళ్ళకి పట్టింది.

మొత్తం నూట పన్నెండు కవితలు. వాటికి ముందు ప్రొఫెసరు గారి వ్యాసం, ముప్ఫై రెండు పేజీలు. అన్నయ్య పోయాక నీ దగ్గర్నుంచి రెండు అట్టపెట్టెల కాగితాలు మోసుకెళ్ళారే, ఆయనే. ఏడాదిన్నర వాటి ముందు కూర్చుని వరస పెట్టారు పాపం. వ్యాసం పేరు ‘కవి రచనల్లో ప్రేమ, కాలం’. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యలో నిద్రపోయాను కాబట్టి అది లెక్కలోకి రాదు. కవితలు ఇంకా మొదలుపెట్టలేదు, వచ్చే నెల దిద్దాలి.

నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటే. దీంతో ఒక అనుమతి కాగితం పెట్టాను. కింద చుక్కల గీత మీద సంతకం. అది లేకుండా అచ్చు వెయ్యనని మా ఓనరు మొండికేశాడు. ఆగస్టు ఆఖరుకి రాకపోతే దీన్ని అటక మీద పడేసి పదో తరగతి గైడ్లు మొదలెడతాడట. అన్నయ్యని గైడ్ల కింద పడనివ్వకు.

కవితలు నీకు పంపడం లేదు. మీ ఇంటి ఒప్పందం తెలుసు కదా. ఆయన నీ కత్తెర ముట్టుకోకూడదు, నువ్వు ఆయన కాగితాలు ముట్టుకోకూడదు. వ్యాసం మాత్రం పంపుతున్నాను, అది ప్రొఫెసరు గారి కాగితం. తీరిగ్గా చదువుకో.

నీ ఆడపడుచు,
పిచ్చిక


కుట్టుగది, కిటికీ పక్క
జూన్ 14

పిచ్చికమ్మా,

ఒప్పందం గుర్తుచేశావు, సంతోషం. అది ఎలా పుట్టిందో నీకు తెలీదు. పెళ్ళైన కొత్తలో నేనో డాక్టరు గారి కోటు కత్తిరిస్తుంటే మీ అన్నయ్య వెనక నిలబడి కవిత చదివారు. వింటూ వింటూ రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాను. ఆ డాక్టరుకి కుడిచెయ్యి కూడా ఉందని కవిత అయ్యాక గుర్తొచ్చింది. ఆ రోజు పెట్టుకున్న ఒప్పందం. ఆయన ఒక్కసారీ తప్పలేదు, నేనూ తప్పలేదు. ఆయన పోయినా తప్పను.

ఇక నీ ప్రొఫెసరు గారి వ్యాసం. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం కూడా అర్థం కాకపోయుంటే బాగుండేది.

పదకొండో పేజీ తియ్యి. ‘కవి ప్రేమకవితలు అరవై ఒకటీ వివాహానికి అయిదేళ్ళ ముందు, ఒకే ఏడాదిలో పొంగిన ప్రవాహం. ప్రేయసి ఎవరో తెలియరాలేదు. ఆమె ప్రతిసారీ ఆలస్యంగానే వస్తుంది. కవి దీపం దగ్గర ఒంటరిగా కూర్చుని నిరీక్షిస్తాడు. ఆ నిరీక్షణే ఆయనకు కాలం.’ సరే, ఏదో అన్నాడులే అనుకున్నాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ‘వివాహానంతరం కవి దృష్టి ప్రేమ నుంచి సరుకుల మూటల వైపు మళ్ళింది.’

అంటే నేను గుమ్మంలో కాలు పెట్టగానే ప్రేమ పెరటి తలుపు తీసుకుని పారిపోయిందన్నమాట! పార్సెల్ ఆఫీసు గుమాస్తాకి మూటలు కాక ఏం కనిపిస్తాయి? దానికి నన్నెందుకు మధ్యలోకి లాగడం?

నవ్వుతూ రాస్తున్నాననుకోకు. ముప్ఫై మూడేళ్ళు కాపురం చేశాను. నేనంటే ఇష్టమేనా అని ఒక్కరోజు కూడా అడగలేదు, అడగాల్సిన పని లేదనుకున్నాను. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేరు.

ఎవరామె? నువ్వప్పుడు ఇంట్లోనే ఉన్నావు. పదేళ్ళ పిల్లవే అయినా చెవులు ఇంటికి రెండు వీధుల అవతలదాకా ఉండేవని మీ అన్నయ్యే చెప్పేవారు. దాచకుండా చెప్పు. చెప్పేదాకా ఆ చుక్కల గీత మీద చుక్క కూడా పెట్టను.

వదిన


ప్రెస్సు మేడమీద
జూన్ 23

వదినా,

ప్రొఫెసరు గారు సాక్ష్యంతోనే రాశారట. ప్రెస్సుకి వచ్చినప్పుడు పట్టుకుని అడిగాను. అన్నయ్య మూటల మీద, రైళ్ళ మీద రాసిన కవితలన్నీ నోటుపుస్తకాల్లో ఉన్నాయి, ప్రతిదాని కిందా తేదీ ఉంది. ప్రేమకవితలు మాత్రం అన్నీ పార్సెల్ ఆఫీసు ఫారాల వెనక రాసి ఉన్నాయి, తేదీల్లేవు. ఫారం మూల మీద అచ్చేసిన సంవత్సరం ఒక్కటే ఆధారం. అరవై ఒకటికీ అదే ఏడాది, మీ పెళ్ళికి అయిదేళ్ళ ముందుది. ‘కాగితం అబద్ధం చెప్పదమ్మా’ అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

నన్నడిగితే నాకేం తెలుసు? పదేళ్ళ పిల్లని. నాకు గుర్తున్నదల్లా పక్క వీధిలో టైపు నేర్చుకునే ఒకమ్మాయి. అన్నయ్య ఒకసారి ఆమె సైకిలు చైను వేసిపెట్టాడు. చేతులకి గ్రీజు అంటుకుని సాయంత్రం దాకా వదల్లేదు. అంతే. ఇందులో ప్రేమా లేదు, కాలమూ లేదు, గ్రీజే ఉంది. నువ్వు ఏదేదో ఊహించుకోకు.

ఒక పని చేస్తాను. అన్నయ్యతో పాటు పార్సెల్ ఆఫీసులో కాటా దగ్గర తూకాలు చూసిన పెద్దాయన ఇప్పుడు ఈ ఊళ్ళోనే కూతురి దగ్గర ఉంటున్నాడు. వెళ్ళి అడుగుతాను. నువ్వు ఈలోగా చల్లటి మంచినీళ్ళు తాగు.

పిచ్చిక


కుట్టుగది
జులై 1

పిచ్చికా,

మంచినీళ్ళు తాగాను. కుండ ఖాళీ అయింది, మంట తగ్గలేదు.

సైకిలు చైను! నా మెషీను బెల్టు తెగితే నాలుగు రోజులు చెప్పించుకున్నారు మహానుభావుడు. ‘రేపు చూస్తా’, ‘ఆదివారం చూస్తా’. చివరికి నేనే వేసుకున్నాను. ఊళ్ళో వాళ్ళ చైన్లు మాత్రం చేతులకి గ్రీజు పూసుకుని మరీ వేసిపెట్టారా? ఆ టైపు పిల్ల ఎలా ఉండేది? జడ పొడుగా? వద్దు, చెప్పకు. లేదు, చెప్పు.

ఒంటరిగా దీపం దగ్గర కూర్చుని ఎదురుచూశారట! ఎవరు? మీ అన్నయ్యా? మనిషి ఒకచోట పది నిమిషాలు కూర్చుని ఎవరికోసమైనా ఎదురుచూడటం నేను చూసిన పాపాన పోలేదు. ఎదురుచూసింది నేను. ఆఫీసు అయిదున్నరకి తాళం వేస్తే ఇంటికి ఇరవై నిమిషాల నడక. మీ అన్నయ్య ఎనిమిదింటికి వచ్చేవారు. ఎందుకూ అంటే ‘పని’ అనేవారు. నేను తిట్టేదాన్ని. నా తిట్లు నీకు తెలుసుగా, మా వీధిలో రేడియో అక్కర్లేదు. ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించి, కంచం ముందు కూర్చుని, తల దించుకుని, ‘ఊఁ’ అనేవారు. ఊఁ! ముప్ఫై మూడేళ్ళు ఆ ‘ఊఁ’తో కాపురం చేశాను. గోడకి చెప్పుకున్నా ఎప్పుడో ఒకప్పుడు బీట తీసేది.

చెప్పిన రోజుకి బట్టలిచ్చే దర్జీ ఈ లోకంలో ఉందంటే అది నేనొక్కదాన్నే. జన్మలో ఎవర్నీ ఎదురుచూడనివ్వలేదు. అలాంటిదాన్ని కట్టుకోకముందు, ఎప్పుడూ టైముకి రాని మనిషి మీద అరవై ఒక్క కవితలు రాసుకున్నారు. నాకు నవ్వు రావడం లేదే.

ఆ పెద్దాయన ఏమన్నాడో వెంటనే రాయి.

వదిన


ప్రెస్సు మేడమీద
జులై 12

నా బంగారు వదినా,

గెలిచాం! ప్రొఫెసరు గారి కాగితం పచ్చి అబద్ధం చెప్పింది!

నిన్న కాటా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. చెవులు కాస్త మందగించాయి గానీ జ్ఞాపకం మాత్రం తూకం వేసినట్టు చెప్తాడు. ఆ ఏడాది పార్సెల్ ఫారాల నమూనా మార్చేశారట. పాత నమూనావి పది కట్టలు వాడకుండా మిగిలిపోతే రికార్డు గదిలో మూలన పడేశారు. వాటి సంగతే అందరూ మరిచిపోయారు. మీ పెళ్ళైన మూడో ఏట ఆ గది సర్దే పని అన్నయ్య మీద పడింది. ‘ఇవి తగలబెట్టమన్నారయ్యా’ అని పెద్దాయన అంటే, ‘వెనక తెల్లగా ఉన్నాయి, నేను తగలబెడతాలెండి’ అని కట్టలన్నీ తన బల్ల కింద పెట్టుకున్నాడట. అప్పట్నుంచి చివరిదాకా వాటి మీదే రాశాడు.

అర్థమైందా? ఫారం పాతది, కవిత కాదు. అరవై ఒక్క ప్రేమకవితలూ మీ పెళ్ళి తర్వాత రాసినవే! టైపు పిల్ల, సైకిలు, గ్రీజు అన్నీ కొట్టుకుపోయాయి. ప్రొఫెసరు గారికి చెప్తే కుర్చీలో కూలబడ్డారు. పదకొండో పేజీ మొత్తం కొట్టేయాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. అందరూ వెళ్ళిపోయాక అన్నయ్య షెడ్డులో మూటల మీద కూర్చుని రాసుకుంటూ ఉండేవాడట. ‘ఇంటికెళ్ళవయ్యా, మీ ఆవిడ ఊరుకోదు’ అంటే, ‘వెళ్తానండీ, నిన్నటిది ఇంకా అవలేదు’ అనేవాడట. ఆఫీసు పని అంత పేరుకుపోయేది పాపం, మనకి తెలీదు.

ఇక సంతకం పెట్టి పంపెయ్యి తల్లీ.

పిచ్చిక


కుట్టుగది
జులై 17

పిచ్చికా,

నువ్వు నా ఆడపడుచువో, నా శత్రువో తేల్చుకోలేకపోతున్నాను.

పెళ్ళికి ముందైతే పోనీ అనుకుని, పదిహేను రోజులు కష్టపడి మనసు సర్దిచెప్పుకున్నాను. కుర్రతనం, ఎవరో నచ్చి ఉంటుంది, అనుకున్నాను. నువ్వు పరుగెత్తుకెళ్ళి, గెలిచాం అంటూ వచ్చి, అదంతా పెళ్ళి తర్వాత అని నిరూపించావు! అంటే నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంటే, ఆయన ఇంకెక్కడో కూర్చుని ఇంకెవరికోసమో ఎదురుచూశారన్నమాట. ఆ ఎనిమిదింటి దాకా పని ఏమిటో ఇప్పుడు తెలిసింది. నిన్నటిది ఇంకా అవలేదట! ఏది నిన్నటిది? ఎవరితో నిన్నటిది?

నేనెప్పుడూ ఆలస్యంగా వెళ్ళలేదు. కాబట్టి ఆ మనిషి నేను కాదు. దీనికి ప్రొఫెసరు అక్కర్లేదు.

సంతకం పెట్టను. ఆ రెండు పెట్టెలూ నాకు వెనక్కి పంపమను. ఇక్కడ పొయ్యి ఉంది. నాతో ముప్ఫై మూడేళ్ళున్న మనిషి ఎవరో నాకు తెలీదని ఊరంతా అచ్చులో చదవక్కర్లేదు.

పొద్దున ఒకామె జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చి, ‘ఏంటమ్మా కళ్ళు వాచాయి’ అంది. సూదిలో దారం ఎక్కించి ఎక్కించి అన్నాను. ఇంతకంటే రాయలేను.

వదిన


ప్రెస్సు మేడమీద
జులై 24

వదినా,

తిట్టు. నాకు ఇంకా రావాలి. నా నోరే నాకు శత్రువు.

పెట్టెలు పంపుతాను. ప్రొఫెసరు గారితో మాట్లాడాను, అడ్డు చెప్పరు. ఆగస్టు ఆఖరు దాకా మాత్రం ఆగమన్నారు.

ఈలోగా ఒక చిన్న సాయం. పుస్తకం కోసం కాదు, నా ఉద్యోగం కోసం. ఈ వారం ప్రేమకవితల ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టాను. ఒకచోట కంపోజిటరు, నేను, ప్రొఫెసరు గారు ముగ్గురం ఆగిపోయాం. ఆ కాగితం ఇందులో పెట్టాను. ఒప్పందం అన్నయ్య కాగితాల గురించి కదా. ఇది మా ప్రెస్సు కాగితం, మా ప్రెస్సు సిరా. ముట్టుకుంటే ఏం కాదు.

ఎదురు మందుల షాపు షట్టరు దించేశాడు.
పై వాటా పిల్ల ఎక్కాలు చదివి చదివి ఆవలించింది.
కూర మూడోసారి వేడి చేశాను.
బాబిన్లో దారం అయిపోయింది,
నీ దారి మాత్రం అవలేదు.
ఊళ్ళో వాళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు చేరారు.
నువ్వు నడుస్తున్నావా,
లేక భూమే నీ కాళ్ళ కింద వెనక్కి తిరుగుతోందా?

కింద ప్రొఫెసరు గారి వివరణలు ఇవి. మూడోసారి వేడి చేయడం: బాల్య, యవ్వన, వార్ధక్యాలకు సంకేతం. భూమి వెనక్కి తిరగడం: గడిచిన కాలాన్ని మళ్ళీ పొందాలన్న కవి తపన. బాబిన్: అర్థం తెలియరాలేదు, ప్రేయసి ముద్దుపేరు కావచ్చు.

బాబిన్ సంగతి నీకైతే తెలుస్తుందని పంపుతున్నాను. ఇంకేమీ అడగడం లేదు.

పిచ్చిక


కుట్టుగది, కిటికీ పక్క
జులై 30

పిచ్చికా,

ఇది కవిత కాదే! ఇది నేను తిట్టిన తిట్టు!

అక్షరం పొల్లు పోకుండా నా తిట్టు! నలభై యూనిఫాం చొక్కాలు తెల్లారేసరికి బడికి ఇవ్వాలి. మెషీను బాబిన్లో దారం అయిపోతే, చుట్టుకోవడానికి పెద్ద కండె అందించే దిక్కు లేదు. మీ అన్నయ్య ఎనిమిదీ పదికి తాపీగా గుమ్మం ఎక్కారు. మందుల షాపు మూసేశాడు, పై వాటా పిల్ల కూడా ఆవలిస్తోంది, కూర మూడుసార్లు వేడిచేశాను, ‘అసలు మీరు నడుస్తున్నారా, మీ కాళ్ళ కింద భూమే వెనక్కి తిరుగుతోందా’ అని అరిచాను. పై వాటా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది కూడా. మీ అన్నయ్య ‘ఊఁ’ అన్నారు. అని, మర్నాడు వెళ్ళి దీన్ని రాసుకున్నారు! ఆయన చేసిందల్లా నా ‘మీరు’ని ‘నువ్వు’ చెయ్యడమే. దానికి కవి అని పేరు!

మీ ప్రొఫెసరు గారికి చెప్పు. దీపం దగ్గర కూర్చుని ఎదురుచూసింది కవి కాదు, దర్జీ. ఆ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ప్రేయసికి మీసాలున్నాయి. మూడోసారి వేడి చేసింది వార్ధక్యాన్ని కాదు, వంకాయ కూరని. బాబిన్ అంటే ఏమిటో వాళ్ళావిణ్ణి అడగమను.

నిన్నటిది అవలేదు అన్నారని రాశావు చూడు. నేను నిన్న కుర్చీలోంచి లేచి నీ ఆ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నిన్నటి తిట్టు రాసుకోవడానికి ఇవాళ ఆలస్యం. ఇవాళ ఆలస్యమైనందుకు ఇంకో తిట్టు. దాన్ని రాసుకోవడానికి రేపు ఆలస్యం. ఎంత దొంగ మనిషమ్మా! ఒక్కరోజు టైముకి వచ్చుంటే ఆ కవిత్వం అక్కడితో ఆగిపోయేది. అందుకని నన్ను ముప్ఫై మూడేళ్ళు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు!

విననే లేదనుకున్నాను పిచ్చికా. నా గొంతు ఆయనకి ఫ్యాను చప్పుడు లాంటిదనుకున్నాను. ఒక్క ముక్క పోకుండా విన్నారు. ఆ పై వాటా పిల్ల ఆవలింత కూడా పోనివ్వలేదు.

మెషీను ఆపేసి ఏడ్చాను. రేపు ఇవ్వాల్సిన లంగా ఒకటుంది, అది ఎల్లుండి ఇస్తానని కబురు పెట్టాను. ఆవిడ కంగారుపడి, నాకు ఒంట్లో బాగాలేదేమోనని చూడ్డానికి వచ్చింది.

మిగతా అరవై పంపు. ప్రెస్సు కాగితమే కదా.

వదిన


ప్రెస్సు మేడమీద
ఆగస్టు 5

వదినా,

అరవై పంపుతున్నాను. చదివేటప్పుడు పక్కన కత్తెర పెట్టుకోకు.

నీ ఉత్తరం ప్రొఫెసరు గారికి చదివి వినిపించాను. మీసాల దగ్గరికి వచ్చేసరికి ఆయన సొంత మీసం తడుముకున్నారు. వరసగా రెండు టీలు తాగారు. ఆ తర్వాత, ‘అయితే ప్రేమ గురించి ఆమే మాట్లాడింది, కాలం గురించీ ఆమే మాట్లాడింది. మరి మీ అన్నగారు ఏం చేశారమ్మా?’ అన్నారు. ‘విన్నాడండీ’ అన్నాను. ముప్ఫై రెండు పేజీలూ చింపేశారు వదినా, నా కళ్ళ ముందు. కొత్తది రాస్తారట. అయితే ఇప్పుడు ఏ కవిత ఏ ఏటిదో చెప్పే దారి లేక జుట్టు పీక్కుంటున్నారు. ఉన్న జుట్టు తక్కువ.

నేను ఒకటి ఒప్పుకోవాలి. ఆ కవితలు దిద్దడం మొదలుపెట్టిన రోజే, మూడోది చదువుతుండగా నీ గొంతు వినపడింది. ఆ ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని, నీ తిట్టు తెలీదా? అయినా నీకు రాయలేదు. చెప్తే ఓదార్చడానికి కల్పించాననుకుంటావు. నీ కళ్ళతో నువ్వే చూడాలని ఆ కాగితం పెట్టాను. ఆ వారం రోజులు నువ్వెలా ఉన్నావో తల్చుకుంటే నాకు అన్నం సహించలేదు. ఆ సైకిలు పిల్లని తెచ్చినందుకు మాత్రం నిజంగా క్షమించు.

గైడ్ల కాగితం లారీ వచ్చేసింది. ఓనరు రోజూ నా బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. నువ్వేమంటే అది చెప్తాను. సంతకమా, పెట్టెలా?

పిచ్చిక


కుట్టుగది, కిటికీ పక్క
ఆగస్టు 22

పిచ్చికమ్మా,

అరవై ఒకటీ చదివాను. రోజుకి మూడేసి. అంతకంటే ఎక్కువైతే కుట్టు వంకర పోతోంది.

ప్రొఫెసరు గారిని జుట్టు వదిలెయ్యమను. నా కొలతల పుస్తకాలు అన్నీ ఉన్నాయి. ఎవరి బట్టలు ఏ రోజు తీసుకున్నానో, ఏ రోజు ఇచ్చానో రాసి ఉంది. ప్రతి తిట్టులోనూ చేతిలో ఉన్న పని ఎక్కడో ఒకచోట దొర్లింది కదా. పూలరంగు గౌను విప్పి కుట్టింది ఏ ఏడో, కర్టెన్ల పని ఏ వానాకాలంలోనో చూసి, యాభై ఎనిమిదింటికి తేదీలు వేసి పంపుతున్నాను. మూడు మాత్రం దొరకలేదు. ఆ మూడు రోజులూ ఊరికే తిట్టినట్టున్నాను.

పందొమ్మిదోది నా తిట్టు కాదు, మా అమ్మది. చూడ్డానికి వచ్చినప్పుడు అల్లుణ్ణి అంది. కింద ఆవిడ పేరు వెయ్యమను. యాభై రెండోదాంట్లో నేను ఏడ్చానని రాశారు. అది అబద్ధం, ఉల్లిపాయలు తరుగుతున్నాను. సరేలే, ఏడ్చాను. అలాగే ఉంచమను.

ముప్ఫై ఏడోది నీకు గుర్తుందా? ‘కోపం చల్లారిపోతోంది, త్వరగా రా. కూరైతే మళ్ళీ వేడి చెయ్యగలను.’ ఇది నేను అరవలేదు. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని నాలో నేను గొణుక్కున్నాను. అప్పటికే ఆయన వచ్చి గుమ్మం అవతల నిలబడి ఉన్నారన్నమాట. విన్నారు. వినీ, ఏమీ ఎరగనట్టు చెప్పులు విడిచారు. నేనంటే ఇష్టమేనా అని అడుగుదామంటే మనిషి లేరన్నాను చూడు, ఇక అడగక్కర్లేదు.

సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది, ఆ గైడ్ల లారీని వెనక్కి పంపమను.

ఇప్పుడు నేను చెప్పేది ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య ఎలా పోయాడు వదినా అని నువ్వు అడిగితే, కుర్చీలో కూర్చుని పోయారని చెప్పాను. అది నిజమే. అంతకు ముందు జరిగింది చెప్పలేదు. ఆ రోజు ఆయన నాలుగింటికే వచ్చేశారు. ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి. గుమ్మంలో నిలబడ్డారు, మొహం పాలిపోయి ఉంది. నేను తలెత్తి సరిగ్గా చూడలేదు. మెషీను తొక్కుతూనే, ‘ఏంటీ, ఇంత త్వరగా ఊడిపడ్డారు? ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు’ అన్నాను. నవ్వారు. ‘నువ్వు కుట్టుకో, కాసేపు ఇక్కడ కూర్చుంటాను’ అన్నారు. నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను ఆ అంచు చివరిదాకా కుట్టేసి, దారం తెంపి, ఇటు తిరిగేసరికి లేరు.

జీవితమంతా ఎందుకు ఆలస్యం అని అడిగి, వచ్చిన ఒక్కరోజు ఎందుకు త్వరగా వచ్చారని అడిగాను. ఏడాదిన్నరగా నన్ను తినేస్తున్నది ఆ మాటే. ఆయన దాన్ని రాసుకోలేదు, రాసుకునే టైము లేకపోయింది. రాసి ఉంటే ఎలా మార్చేవారో అని వారం రోజులుగా ఆలోచించాను. నా మాటల్ని ఆయన ఏం చేసేవారో ఇప్పుడు కొంచెం తెలిసింది కాబట్టి, దాన్ని నేనే రాశాను. మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. చివర్లో ఒక ముక్క అప్పుడు అననిది, ఇప్పుడు కలిపాను. నూట పదమూడోదిగా వెయ్యి. ఒక్క అక్షరం దిద్దావంటే ఊరుకోను.

వదిన

ఎన్నడూ లేనిది ఇవాళ త్వరగా వచ్చావు.
పొయ్యి ఇంకా వెలిగించలేదు.
కాసేపు కూర్చో,
మెషీను ఆపేసి వస్తాను.